పల్లం తీగ మీది చెప్పులు

సింగానల్లూరు నుంచి నూలుమిల్లుకు పోయే అడ్డదారిలో ఒక పల్లం ఉండేది. వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళు, మిగతా కాలమంతా ముళ్ళకంప. చుట్టుపక్కల చెట్టన్నది లేదు, ఎటు చూసినా నల్లరేగడి. పగలు చూస్తే భయపడవలసింది ఏమీ కనబడదు. కానీ పొద్దుగూకాక ఒంటరిగా ఆ పల్లం దాటే మొనగాడు పక్కనున్న తోలు పనివాళ్ళ తోళ్ళపేటలో ఒక్కడూ లేడు. దాటుతానని మీసం తిప్పినవాళ్ళు ఉన్నారు... వాళ్ళు కూడా వెలుగుండగానే ఇల్లు చేరేవాళ్ళు.

నేల మీద ఏదీ లేదు. ఉన్నదంతా పైన, తీగ మీద.

మిల్లుకు కరంటు తెచ్చే తీగ ఆ పల్లం మీదుగా పోయేది. మిల్లుకు వెలుతురిచ్చింది, మిల్లు దొర బంగళాకు వెలుతురిచ్చింది, దారిలో ఉన్న తోళ్ళపేటకు మాత్రం ఒక్క దీపం ఇవ్వలేదు. "కంబి మా నెత్తిన, దీపం వాళ్ళింట" అని పేటవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ తీగ లాగిన రోజుల్లో వేలు అనే వైరుమేన్ పల్లం పక్కనున్న కంబం ఎక్కి, పైనే కరంటు కొట్టి చచ్చిపోయాడు. బూట్ల తాళ్ళు రెండూ కలిపి ముడేసి, మెడలో వేసుకొని ఎక్కాడట. మనిషి కింద పడ్డాడు. బూట్లు తీగకు చిక్కుకున్నాయి. వాటిని దింపడానికి మళ్ళీ ఎవడూ కంబం ఎక్కలేదు. గాలి వీస్తే ఆ రెండు బూట్లూ ఒకదానికొకటి తగిలి — టక్... టక్... — ఒకటే చప్పుడు.

నేల మీద ప్రాణం పోనివాడు గాలిలోనే నడుస్తాడట. ఆ చప్పుడు వినబడితే తల ఎత్తకూడదట. ఎత్తితే బూట్లలో కాళ్ళు కనబడతాయట. చూసినవాడెవడని అడిగితే చెప్పేవాడు లేడు. చూడకుండానే తెలిసిపోయిన సంగతులు పేటలో చాలా ఉండేవి. దాంతో చంటిపిల్ల మొదలు ముసలివాడి దాకా ఆ పల్లం దాటేటప్పుడు తల వంచుకొని, తమ కాలివేళ్ళు తామే చూసుకుంటూ దాటడం అలవాటైపోయింది.

ఆ అలవాటే ఆరాయి మెడలో తాళి తెంపినంత పని చేసింది.

ఆరాయి అంటే పేచ్చియమ్మాళ్ చిన్నకోడలు. మిల్లులో నూలు చుట్టే రీలింగు పని. ఆమె మొగుడు బంగారు అదే మిల్లులో యంత్రాలు తిప్పే తోలుపట్టీలు తెగితే కుట్టేవాడు. మంచి పనివాడు, కాకపోతే ఎడంచేతివాడు. అందరి కుట్టూ ఒక పక్కకు వాలితే వాడి కుట్టు రెండో పక్కకు వాలేది.

వాడి నాయన బతికున్నన్నాళ్ళూ పేట పొలిమేర కాచే దేవుడు మదురైవీరన్‌కు మొక్కు చెప్పులు కుట్టిన పెద్ద. దూరం పోయినవాడు క్షేమంగా తిరిగొస్తే వీరన్‌కు ఒక జోడు కట్టాలి. మూరెడు పొడుగున కుట్టి, తిరిగొచ్చినవాడు ఆ పల్లం దగ్గర మొదలయ్యే వీరన్ పొలిమేరలోకి అడుగుపెట్టాక కట్టాలి. సామి రాత్రిపూట అవి తొడుక్కొని, తన మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో చూసి వస్తాడని వాళ్ళ నమ్మకం. రోజులు గడిచే కొద్దీ అడుగు అట్టలు అరిగితే మొక్కు అందినట్టు. అరగకపోతే... సామి కాదన్నట్టు.

పెద్దకొడుకు కాళియప్పన్‌కు ఆ విద్య నేర్పాడు గానీ చిన్నవాణ్ణి ఆ తోలు ముట్టనియ్యలేదు ముసలాయన. "ఎడంచేతి కుట్టు సామి తొడగడు రా" అనేవాడు. బంగారు నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు వెనక వాడు ఎంత నొచ్చుకునేవాడో దారానికి మైనం పట్టించి ఇచ్చే ఆరాయికి తెలుసు.

స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో, శివరాత్రి వచ్చే మాసి నెలలో మిల్లులో సమ్మె లేచింది. ఒక రాత్రి పత్తి గోడౌను తగలబడింది. ఎవరు అంటించారో ఎవరికీ తెలియదు. గేటు దగ్గర అందరికన్నా ముందు నిలబడినవాడు బంగారు గనక పోలీసులకు మాత్రం వెంటనే తెలిసిపోయింది. ఆ రాత్రే వాడు కాళ్ళకున్న చెప్పులతో పెరటి దారిన వెళ్ళిపోయాడు.

"వీరన్ మీద ఆన. వస్తా ఆరాయీ," అన్నాడు పోతూ పోతూ. అంతే.

తర్వాత కబురు లేదు. పేట మొదట్లో మొక్కు చెప్పులు కట్టే వీరన్ రాయి ఉండేది, సరిగ్గా దాని పక్కనే పోలీసు ఒకడు రాత్రింబవళ్ళు కాపలా కూర్చున్నాడు. సామి కాపలా చాలదనుకున్నారేమో. అప్పటినుంచి ఆ రాయి దగ్గరికి పేటవాళ్ళే పోవడం మానుకున్నారు.

మూడు నెలల తర్వాత, వైకాసి నెలలో ఒక పొద్దున — తీగ మీద, వేలు బూట్ల పక్కన, ఒక చెప్పుల జోడు!

చూశారు అంటే నిజంగా చూశారని కాదు. వంచిన తల వంచినట్టే ఉంచి, కంటికొసతో ఒక్క క్షణం చూసి, గుండె చేత్తో పట్టుకొని పరుగెత్తుకొచ్చి చెప్పుకున్నారు. మధ్యాహ్నానికల్లా కథ తయారైంది. అవి ఆరాయి మొగుడు బంగారువే. మిల్లు రౌడీలు వాణ్ణి పల్లంలో చంపి, ఎక్కడో పూడ్చి, చెప్పులు తీగ మీదికి విసిరేశారు. పాడె లేదు, పూడ్చిన చోటు తెలియదు. అందుకని వాడు కూడా వేలుతో కలిసి తీగ మీద నడుస్తున్నాడు.

మరో రెండు నెలలకు, ఆడి నెల మొదట్లో ఇంకో జోడు వచ్చి చేరింది.

అప్పుడు పట్టుకుంది చూడండి భయం! తీగ ఇంకొకణ్ణి పిలిచింది. ఎవరిని? పేటంతా ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కున్నారు. అప్పటిదాకా వాకిట్లో దొర్లే చెప్పులు ఇంట్లోకి చేరాయి. కొందరు తలకింద పెట్టుకొని పడుకున్నారు. ఆ నెలంతా తోళ్ళపేటలో హాయిగా నిద్రపోయింది చెప్పులు లేనివాళ్ళే.

ఆ వారమే పేచ్చియమ్మాళ్ మంచం పట్టింది.

ఆడి గాలి తెలుసు గదా, పాలకాడు కనుమలోంచి వచ్చి ఊళ్ళను ఊపేసి పోయే గాలి. ఆ గాలికి పల్లం చప్పుడు రాత్రిపూట పేట దాకా వినబడేది. ముసలమ్మ మంచంలో లేచి కూర్చునేది.

"ఆరాయీ... వినిపిస్తా ఉండాదా?"

"గాలి అత్తా. పడుకో."

"గాలి కాదే... నడుస్తా ఉండాడు. నా బిడ్డ కాలు కింద పెట్టను నేల లేక, కంబి మీద నడుస్తా ఉండాడు."

ఆమె ఏడిస్తే ఆరాయికి ఏం చెయ్యాలో తోచేది కాదు. తల్లి ఏడుపును కాదనలేదు, మొగుడు చచ్చాడంటే ఒప్పుకోలేదు. ఆ రెంటి మధ్యా నలిగిపోయింది.

చివరికి కాళియప్పన్ ఒక మాట ఖాయం చేశాడు. మంచివాడే, అమ్మ అవస్థ చూడలేకపోయాడు. ఆడి అమావాస్య నాడు తమ్ముడికి కర్మ చేసేద్దాం అన్నాడు. శవం దొరకని మనిషికి చెప్పులనే పాడె మీద పెట్టి పూడ్చడం వాళ్ళలో ఉంది. తీగ మీదివి దించే దిక్కు లేదు గనక కాలి కొలతకు తోలు కోసి దాన్నే పూడుస్తామన్నాడు. ఆ పొద్దునే ఆరాయికి తాళి తీయాలి.

అమావాస్యకు ముందు సాయంత్రం, తాళి తీసేటప్పుడు కప్పే కొత్తచీర తెచ్చి గూట్లో పెట్టారు. ఆరాయి దానివైపు చూడలేదు.

"బావా," అంది తలుపు చాటునుంచి. "ఆ చెప్పులు వానివే అని ఎవరు చూసినారు?"

"అందరూ చూసినారు గదా."

"తల ఎత్తి చూసినారా?"

"తల ఎత్తి సావమంటావా ఆరాయీ?" అన్నాడు కాళియప్పన్ గొంతు తగ్గించి.

పేచ్చియమ్మాళ్ మంచం మీదనుంచే కోడలి చెయ్యి పట్టుకుంది. "నీ తాళే వాని కాళ్ళకు ముడి పడి ఉండాదమ్మా... నువ్వు విడిస్తే వాడు పోతాడు. నా బిడ్డను పోనీ తల్లీ."

ఆ మాట ఆరాయికి గుండెల్లో గుచ్చుకుంది. తాను మొండికేస్తే నిజంగానే వాణ్ణి గాలిలో వేలాడదీసినట్టా? చూడాలి. అవి వాడి చెప్పులే అయితే తాళి తానే తీసి ఇస్తుంది. కాకపోతే... బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఇవ్వదు. ఎవరో ఒకరు తల ఎత్తి చూడాలి. ఇంకెవరు చూస్తారు?

ఆ ఏడు కరంటుకు కరువు. రెండో షిఫ్టు విడిచే సంగు, అంటే మిల్లు కూత, ఊదాక తీగలో కరంటు ఆపేసేవాళ్ళు. మళ్ళీ తెల్లవారుజాము సంగు ఊదగానే వదిలేవాళ్ళు. దొర బంగళాలో దీపం ఆరిందంటే తీగలో ప్రాణం లేదన్నమాట, వెలిగిందంటే తగిలినవాడికి ప్రాణం ఉండదన్నమాట. పేటలో పసిపిల్లకైనా తెలిసిన లెక్క అది.

అత్తకు కునుకు పట్టేదాకా కూర్చుని, ఆరాయి లేచింది. మునగకాయలు కోసే దోటికి ఇంకో వెదురు జోడించి కట్టింది. లాంతరు వత్తి తగ్గించి పట్టుకుంది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి... బయటికి నడిచింది.

వీరన్ రాయి దగ్గర పోలీసు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. పక్కన కర్రకు కట్టిన పాత మొక్కు చెప్పులు ఎండి వంకర్లు తిరిగి ఉన్నాయి. కొత్తవి కట్టినవాళ్ళు ఈ మధ్య లేరు. ఆరాయి దూరం నుంచే సామికి చెయ్యెత్తి మొక్కింది. "తోడు రా సామీ," అనుకుంది. పలికే దేవుణ్ణయినా పిలిచేటప్పుడు కొంచెం ఆలోచించి పిలవాలంటారు.

పేట దాటి పొలం గట్టు ఎక్కింది. గాలి చీరను పీకేస్తోంది. చీకటి... కాటుకలో కాలు పెట్టినట్టు.

టప్.

వెనక ఏదో చప్పుడు. ఆరాయి నడుస్తూనే చెవి పెట్టింది.

టప్... టప్...

తోలు అట్ట నేలకు తగిలే చప్పుడు. తోలు పని చేసే ఇంట్లో పుట్టి, తోలు పని చేసే ఇంట్లో మెట్టినదానికి ఆ చప్పుడు వేరే చెప్పాలా? పోలీసు లేచాడేమో అనుకొని ఆగింది. చప్పుడూ ఆగింది. లాంతరు ఎత్తి వెనక్కి తిరిగింది.

ఎవరూ లేరు. దూరంగా పోలీసు గురక గాలిలో తేలి వస్తూనే ఉంది.

ఇంటికి పరుగెత్తుదామా అనుకుంది. కానీ ఇంట్లో గూట్లో కొత్తచీర ఉంది. దానికన్నా ఈ చీకటే నయమనిపించి ముందుకే నడిచింది. ఆమె నడిస్తే అదీ నడిచింది... టప్... టప్... దగ్గరికి రాదు, దూరం కాదు.

పల్లం ఒడ్డున గాలి ఒక్క విసురు విసిరింది. లాంతరు ఆరిపోయింది. దొర బంగళా వైపు చూస్తే చీకటే. తీగలో కరంటు లేదు. పైన — టక్... టక్... — వేలు బూట్లు.

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆ చోట ఎత్తని తల. మెడ మాట వినలేదు. కళ్ళు గట్టిగా మూసుకొని, తాళి గుప్పిట్లో పట్టుకొని, మెల్లగా... తల పైకెత్తింది. తర్వాత కళ్ళు తెరిచింది.

పడమటి కొండల మీద ఒక మెరుపు మెరిసింది. వాన లేని మెరుపు. ఆ వెలుతురులో తీగ కనబడింది. బూట్లు కనబడ్డాయి. బూట్లలో కాళ్ళు లేవు. వాటి పక్కన ఒక చెప్పుల జోడు.

ఒక్క జోడే.

ఆరాయి ఊపిరి బిగబట్టి ఇంకో మెరుపు కోసం చూసింది. మెరిసింది. ఒక్క జోడే ఉంది! రెండు జోడ్లు ఉండాలి గదా... సాయంత్రం దాకా పేటంతా రెండనే గదా చెప్పుకుంది... రెండోది ఏది?

పల్లం అవతల గట్టు మీద — టప్.

అప్పుడు తెలిసింది ఆమెకు. రెండోది తీగ దిగింది. దిగి నడుస్తోంది.

తన చెవికే వినబడనంత మెల్లగా అడిగింది.

"మామా... నువ్వేనా?"

అడిగాక గానీ ఆ ప్రశ్నలో ఏముందో తెలియలేదు. అవునని జవాబు వచ్చిందా, వాడు చచ్చినట్టే. అన్ని నెలలుగా ఆ గొంతు ఒక్కసారి వింటే చాలునని తపించిన మనిషి, ఇప్పుడు ఆ గొంతు వినబడకూడదని మొక్కుకుంది. పలకొద్దు... పలకొద్దు...

పలకలేదు. అవతలి గట్టు మీద ఎవరో నిలబడి ఉన్నట్టే ఉంది గానీ పలకలేదు.

ఆరాయి దోటి ఎత్తింది. గాలికి దోటి ఊగి కొక్కెం తీగకు తగిలేది గానీ చెప్పులకు తగిలేది కాదు. ఒకసారి బూటుకు తగిలి, బూట్లు రెండూ గిర్రున తిరిగాయి. కంబం దగ్గరికి జరిగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. చెయ్యి పీకిపోతోంది. ఎంతసేపు అలా గుంజులాడిందో ఆమెకే తెలియదు.

ఉన్నట్టుండి మిల్లు సంగు కూసింది.

తెల్లవారుజాము సంగు! కరంటు వదులుతారు. ఆరాయి దోటి వదిలేసి పారిపోవలసింది. వదల్లేదు. "వీరా!" అని ఒక్క లాగు లాగింది. కొక్కెం పట్టింది... తోలు వారు తెగింది... చెప్పులు వచ్చి భుజం మీద పడ్డాయి. దోటి చేతిలోంచి జారింది. అదే క్షణాన దొర బంగళాలో దీపం భగ్గుమంది.

చీకట్లో వంగి చెప్పులు తడిమింది. వాడి కాలి కొలత ఆమె చేతికి తెలుసు, జానెడు మీద రెండు వేళ్ళు. చెప్పు మీద జాన వేసింది. జాన అయిపోయింది, పైన రెండు వేళ్ళూ అయిపోయాయి, చెప్పు అయిపోలేదు. మోచెయ్యి ఆనించి చూసింది. మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా... ఒకే చెప్పు.

మనిషి చెప్పు కాదది!

ఇంక ఆలోచన లేదు. రెండు చెప్పులూ పొట్టకు అదుముకొని పరుగెత్తింది. వెనక టప్... టప్... టప్... ఈసారి బరువుగా. ఆమె పరుగెత్తుతుంటే అది మాత్రం పరుగెత్తదు. తాపీగా నడుస్తూ అంతే ఎడంలో వస్తోంది. గట్టు మీద పడింది, లేచింది, మోకాలు చీరుకుపోయింది. వెనకది కూడా ఆమె పడితే ఆగింది, లేస్తే కదిలింది.

వీరన్ రాయి దగ్గరికి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది.

ఇంట్లో అప్పటికే దీపం వెలిగించారు. కోడలు కనబడక ఇల్లంతా గోలగా ఉంది. ఆరాయి లోపలికి వచ్చి చెప్పులు రెండూ దీపం ముందు పడేసి కూలబడింది. వాటి పొడుగు చూసి ఆడవాళ్ళు గోడకు అంటుకుపోయారు.

"ఏంది చేసినావే... యాడనుంచి తెచ్చినావు?" అన్నాడు కాళియప్పన్.

"కంబి మీదివి."

అతను దగ్గరికి రాలేక రాలేక వచ్చాడు. దీపం ఎత్తి పట్టుకొని వంగి చూశాడు. చూస్తూ చూస్తూ అక్కడే చతికిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు. "ఇవి సామి చెప్పులమ్మా. మొక్కు చెప్పులు."

వేలితో కుట్టు వెంట తడిమాడు. ఒకసారి తడిమి, నమ్మలేక మళ్ళీ తడిమాడు. కుట్టు రెండో పక్కకు వాలి ఉంది. తోలుకు తంగేడు చెక్క వాసన ఇంకా పోలేదు. ఈ మధ్య పదును చేసిన తోలు అది, ఎన్నాళ్ళదో కాదు.

"ఎడంచెయ్యి..." అన్నాడు. కళ్ళనీళ్ళు జారిపోతున్నాయి. "వీడే కుట్టినాడమ్మా! సచ్చినోడు కుడతాడా? దూరం పోయినోడు వచ్చినాడు, వచ్చినానని మొక్కు కట్టినాడు. రాయి దగ్గర పోలీసు ఉండాడని, పొలిమేర లోపల ఆ కంబికి ఏసి పోయినాడు. ఆ పల్లానికి ఎవరూ పోరు, ఎవరూ తీయరు అని వానికి తెలుసు."

రెండు జోడ్లు అంటే రెండుసార్లు వచ్చాడు. పల్లం దాకా వచ్చాడు, గట్టిగా పిలిస్తే వినబడేంత దగ్గరికి వచ్చి, తాను బతికున్నానని అందరికీ కనబడేట్టు కట్టి పోయాడు. తెల్లారితే ఆరాయి చూస్తుంది, తెలుసుకుంటుంది అనుకొని ఉంటాడు. ఒక్కసారి తల ఎత్తి ఉంటే వైకాసి నెలలోనే తెలిసేది. ఆ సంగతి తలచుకొని ఆరాయి వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషమో, తన మీద తనకు కోపమో, రెండూనో.

పేచ్చియమ్మాళ్ గూట్లో కొత్తచీర తీయించి, "దాన్ని నా కంటికి కనబడనీకండి," అంది. మంచం పట్టిన మనిషికి అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో!

కాళియప్పన్ మాత్రం చెప్పును తిరగేసి చూస్తున్నాడు. మొహం మెల్లగా వాడిపోయింది.

"ఏమి రా?" అంది తల్లి.

"అట్ట అరగలేదమ్మా. గీత కూడా పడలేదు." దీపం దగ్గర పెట్టి చూపించాడు. అట్ట కొత్తగా మెరుస్తోంది. "నాయన చెప్పిండేది నిజమేనేమో. ఎడంచేతి కుట్టు... సామి తొడగలేదు."

సామి తొడగని మొక్కు అంటే, దిక్కులేని చోట ఉన్న ఆ బిడ్డకు వెనక కాపలా లేదన్నమాట. బతికున్నాడన్న ఆనందం అరగడియ కూడా నిలవలేదు.

"రెండో జోడు యాడ?" అంది ముసలమ్మ.

"నేను పోయినప్పుడు కంబి మీద ఒక జోడే ఉండింది అత్తా."

"లేదు," అన్నాడు కాళియప్పన్. "నిన్న పొద్దుమునిగేటప్పుడు నేను ఆ దారినే వచ్చినా. కంటికొసన చూసినా. రెండు ఉండె."

ఆరాయికి వెనక వచ్చిన అడుగుల చప్పుడు చెవిలో మళ్ళీ మోగింది.

తెల్లగా తెల్లారాక పేటంతా పల్లానికి కదిలింది. పేచ్చియమ్మాళ్‌ను మంచంతో సహా మోసుకుపోయారు. పోలీసు నిద్రలేచి, ఈ జనం ఎక్కడికి పోతున్నారో అర్థంకాక నోరు తెరుచుకొని చూశాడు. కర్మ చేయడానికి పోతున్నారనుకున్నాడు పాపం.

పల్లం ఒడ్డున నిలబడ్డారు. కాళియప్పన్ ముందు తల ఎత్తాడు. ఆరాయి ఎత్తింది. తర్వాత ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ముసలివాళ్ళూ పిల్లలూ, అందరూ ఆ చోట పుట్టాక మొదటిసారి తలలెత్తి పైకి చూశారు.

వేలు బూట్లు ఉన్నాయి. వాటి పక్కన ఒక చెప్పుల జోడు ఉంది. మూరెడు పొడుగు చెప్పులు. రాత్రి రెండు మెరుపుల వెలుతురులో ఆరాయికి ఎక్కడా కనబడని జోడు!

వాటి అట్టలు అరిగి అరిగి, మడమ దగ్గర చిల్లులు పడి, ఆ చిల్లుల్లోంచి ఆకాశం కనబడుతోంది.

అట్టల నిండా బురద. ఇంకా ఆరని బురద... ఎర్రటి బురద.

వాన పడి ఎన్నాళ్ళయిందో. కాలికింద అంతా నల్లరేగడి. ఎర్రమన్ను కావాలంటే అక్కడినుంచి పడమటి కొండ ఎక్కవలసిందే. అక్కడ టీతోటలు ఉన్నాయని, పేరూ ఊరూ అడగకుండా పని ఇస్తారని మిల్లువాళ్ళు చెప్పుకోవడం అందరూ విన్నదే.

"తొడిగినాడు," అంది పేచ్చియమ్మాళ్ మంచం మీదనుంచి. రెండు చేతులూ పైకెత్తింది. "నా బిడ్డ ఎడంచేతి చెప్పు సామి తొడిగినాడు రా... కొండమీద ఉండాడు వాడు. వీరన్ పోయి చూసి వచ్చినాడు."

అప్పుడు కాళియప్పన్ ఆరాయి వైపు తిరిగి, తీగ చూపించాడు.

గాలి పూర్తిగా పడిపోయి ఉంది. ముళ్ళకంప మీద ఆకు కదలడం లేదు. వేలు బూట్లు నిలువుగా, కదలకుండా వేలాడుతున్నాయి. ఆ చెప్పుల జోడు మాత్రం అటూ ఇటూ ఊగుతోంది... ఇప్పుడే ఎవరో విప్పి తగిలించి పోయినట్టు.

ఆరాయి తల దించలేదు. అలాగే చూస్తూ తీగ కిందికి వచ్చి నిలబడింది.

పైనుంచి ఎర్రటి చుక్క ఒకటి రాలి, సరిగ్గా ఆమె నుదుట పడింది. తుడుచుకుందామని చెయ్యెత్తింది. మళ్ళీ ఏమనుకుందో, తుడుచుకోకుండానే చెయ్యి దించేసింది.